తక్కువ లోతులో మునిగిన పాత ఓడ దగ్గర స్కూబా డైవ్ ఎలా చేయాలి

"ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబాలో మొదటి సర్టిఫికెట్ ఇచ్చేది) అయిపోయింది, పది మీటర్ల లోతులో ఓ పాత ఓడ ఉందట, దిగొచ్చా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు. అందుకే ఒక్కచోట వివరంగా రాసి పెడుతున్నాను. దిగొచ్చు. కానీ ఆ వెంటనే వచ్చే "పది మీటర్లే కదా, తేలికే కదా" అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. 30 మీటర్ల నుంచి 20 మీటర్లకు వచ్చినప్పుడు బీసీడీలో, అంటే తేలడానికి వేసుకునే గాలి జాకెట్‌లో, గాలి మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. అదే 10 మీటర్ల నుంచి నీటి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది. అంటే ఒక్క మీటరు పైకీ కిందకీ అయినా మీ తేలుడు బాగా మారిపోయేది ఈ తక్కువ లోతులోనే. పైగా అలల ఊపు ఇక్కడిదాకా తగులుతుంది, చుట్టూ తుప్పు పట్టిన రేకుల అంచులు ఉంటాయి.

ఇక్కడ చెప్పేదంతా 5 నుంచి 15 మీటర్ల లోతులో ఉన్న శిథిలాన్ని బయటి నుంచి చూసి రావడం గురించే. లోపలికి వెళ్లడం వేరే విద్య, దాని సంగతి కింద విడిగా చెప్తాను. సర్టిఫికెట్ లేనివాళ్లు ముందు కోర్సు చేయండి, ఇది చదివి నేర్చుకునేది కాదు.

ఏమేం కావాలి

మామూలు స్కూబా సామాను ఎలాగూ ఉంటుంది. దానికి తోడు ఇవి తప్పనిసరి:

- లోతూ, నీళ్లలో ఉన్న సమయమూ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్, ప్రతి ఒక్కరికీ సొంతంగా. బడ్డీది, అంటే జతగా దిగేవాళ్లది చూసుకుంటూ డైవ్ చేయడం కుదరదు.
- దారం కోసే కట్టర్ లేదా చిన్న కత్తెర. పెద్ద కత్తి కన్నా ఇవే నయం. పాత ఓడలకు చేపల వలలు, గాలపు తీగలు చిక్కుకుని ఉంటాయి, నైలాన్ తీగ నీళ్లలో కంటికి ఆనదు. కట్టర్‌ను రెండు చేతులకూ అందే చోట, ఛాతీ దగ్గర పెట్టుకోండి. కాలికి కట్టుకుంటే చిక్కుపడినప్పుడు వంగి తీయలేరు.
- టార్చ్. పగలైనా కావాలి, ఎందుకంటే ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే పోతుంది, టార్చ్ వేస్తే గానీ అసలు రంగులు కనపడవు.
- పైకి వచ్చేటప్పుడు వదలడానికి రంగు బెలూన్ లాంటి ఎస్ఎంబీ, దాని రీలు.
- ఒళ్లంతా కప్పే వెట్‌సూట్, నీళ్లు వెచ్చగా ఉన్నా సరే. తుప్పు గీసుకుంటే గాయం తొందరగా మానదు. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటిందేమో చూసుకోండి.

చేతి తొడుగుల గురించి చాలామంది అడుగుతారు. కొన్ని చోట్ల వాటిని నిషేధించారు, దానికి కారణం ఉంది: తొడుగు ఉంటే మనిషి తెలియకుండానే దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు. నీళ్లు చల్లగా లేకపోతే వేసుకోవద్దనే చెప్తాను.

1. ఆ ఓడ ఏదో, దాని నియమాలేమిటో ముందే తెలుసుకోండి

ఇది బోటు ఎక్కాక అడిగే విషయం కాదు. యునెస్కో 2001లో చేసిన ఒప్పందం ప్రకారం నీళ్లలో 100 ఏళ్లు దాటిన మానవ నిర్మితాలు వారసత్వ సంపద కిందికి వస్తాయి. దేశాన్ని బట్టి చట్టాలు ఇంకా గట్టిగా ఉంటాయి. ఆస్ట్రేలియాలో 2018 చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన ఓడ శిథిలాలకు రక్షణ దానంతట అదే వచ్చేస్తుంది. బ్రిటన్‌లో 1973 చట్టం కింద ప్రకటించిన శిథిలాల దగ్గర లైసెన్సు లేకుండా డైవ్ చేయకూడదు. 1911లో తుఫానులో మునిగిపోయిన యొంగాలా ఓడ ఆస్ట్రేలియా తీరంలో ఉంది. అందులో ఉన్న 122 మందిలో ఒక్కరూ బతకలేదు. దాని దగ్గర డైవ్ చేయాలంటే పర్మిట్ ఉండాలి, లోపలికి వెళ్లడం నిషేధం. ఇలాంటి చోటు సమాధి కూడానన్న సంగతి దిగేముందే మనసులో పెట్టుకోండి.

యుద్ధకాలం ఓడలైతే ఇంకో ప్రమాదం ఉంది, మందుగుండు. 1944లో ఇంగ్లండ్ తీరాన థేమ్స్ ముఖద్వారం దగ్గర ఇరుక్కుపోయిన రిచర్డ్ మాంట్‌గోమరీ ఓడలో ఇప్పటికీ దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి, ఆ చుట్టుపక్కలకు ఎవరినీ రానివ్వరు. మీరు వెళ్లే ఓడ అంత భయంకరమైనది కాకపోవచ్చు. కానీ గుండ్లలాగా కనిపించేది ఏదైనా సరే, దాన్ని కదపొద్దు, తట్టొద్దు, దూరం నుంచి చూసి పక్కకు వచ్చేయండి.

ఓడ ప్లాను గానీ గీసిన బొమ్మ గానీ దొరికితే ఒక పూట కూర్చుని చూడండి. ముందు కొస ఎటు ఉంది, అతి తక్కువ లోతు ఎంత, అతి ఎక్కువ లోతు ఎంత, ఇవి పలక మీద రాసుకోండి. బాలిలోని తులంబెన్ దగ్గర ఉన్న లిబర్టీ ఓడ ఒడ్డు నుంచే ఈదుకుంటూ వెళ్లగలిగేంత దగ్గర, దాని పై భాగాలు 5 మీటర్ల దగ్గరే మొదలవుతాయి, కానీ అదే ఓడ వాలుగా 30 మీటర్ల దాకా దిగిపోతుంది. "తక్కువ లోతు" అన్న మాట నమ్మి చూసుకోకుండా పోతే, కిందకి ఎంత వెళ్లారో మీకే తెలియదు.

2. సముద్రం ఎలా ఉందో చూడండి

గాలి ఒక్కటే చూస్తే సరిపోదు. పైన నీళ్లు అద్దంలా ఉన్నా, దూరం నుంచి వచ్చే పొడవాటి అల ఉంటే 8, 10 మీటర్ల దగ్గర మిమ్మల్ని అటూ ఇటూ రెండు మూడు మీటర్లు ఊపేస్తుంది. ఆ ఊపులో ఇనుప పక్కటెముకల మధ్య ఉండటం ఏమాత్రం మంచిది కాదు. ఆటుపోట్లు బలంగా ఉండే చోటైతే పోటు ఆగి పాటు మొదలయ్యే ఆ కాస్త ప్రశాంత సమయం చూసుకుని దిగాలి. ముందురోజు పెద్ద వాన పడి ఏటి నీరు కలిసినా, పెద్ద అలలు వచ్చినా నీళ్లు మడ్డిగా ఉంటాయి. మూడు మీటర్ల అవతల బడ్డీ కనపడకపోతే మొదటిసారి వెళ్లేవాళ్లు మానుకోవాలి. బోటు డబ్బులు కట్టేశాం కదా అని దిగొద్దు.

3. బరువు సరిచూసుకోండి

నన్ను అడిగితే మొత్తం డైవ్‌లో అతి ముఖ్యమైన పని ఇదే, జనం అతి తక్కువ పట్టించుకునేదీ ఇదే. బరువు ఎక్కువ పెట్టుకుంటే దాన్ని మోయడానికి బీసీడీలో ఎక్కువ గాలి పోయాలి. తక్కువ లోతులో ఆ గాలి ప్రతి మీటరుకీ ఉబ్బుతూ తగ్గుతూ మీ చేతిలో ఉండదు. చివరికి మీరు ఓడ మీద పడతారు, లేదా బుడగలా పైకి పోతారు.

ఇలా చూడండి. నీటి పైన నిటారుగా ఉండి, బీసీడీ గాలి అంతా తీసేసి, మామూలు శ్వాస లోపల పట్టండి. నీళ్లు కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఇక్కడ ఒక లెక్క మరిచిపోవద్దు: 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలి అంటే 2,400 లీటర్లు, దాని బరువే దగ్గర దగ్గర 3 కిలోలు. 50 బార్ మిగిలేసరికి అందులో 2 కిలోలకు పైగా మీరు పీల్చేసి ఉంటారు. అంటే నిండు సిలిండర్‌తో చూసుకుంటే డైవ్ చివర్లో అంత తేలికైపోతారు కాబట్టి 2 కిలోలు అదనంగా కలుపుకోవాలి.

అసలైన పరీక్ష మాత్రం డైవ్ చివరే. 50 బార్‌తో 5 మీటర్ల దగ్గర, బీసీడీ దాదాపు ఖాళీగా, కదలకుండా నిలబడగలిగితే మీ బరువు సరిపోయినట్టు. శిథిలానికి వెళ్లే ముందు ఏదైనా ఇసుక నేల ఉన్న చోట ఒక డైవ్ మొత్తం దీనికే కేటాయించండి. బరువులు నడుముకే కాకుండా కొన్ని కాస్త పైకి సర్దుకుంటే కాళ్లు కిందకి వేలాడవు, ఒళ్లు నేలకు సమాంతరంగా ఉంటుంది.

4. గాలి లెక్క వేసుకోండి

నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల దగ్గర 40 లీటర్లు వాడతాడు. 2,400లో 50 బార్ నిల్వ, అంటే 600 తీసేస్తే 1,800 మిగులుతుంది, 45 నిమిషాలు. అదే టెన్షన్‌లోనో, ప్రవాహానికి ఎదురీదుతూనో నీటి పైన లెక్కలో 20కి బదులు 30 లీటర్లు పీల్చారంటే 30 నిమిషాలకే అయిపోతుంది. స్కూబా శిక్షణ ఇచ్చే పాడి సంస్థ డైవ్ టేబుల్‌లో 10 మీటర్లకు డీకంప్రెషన్ లేని సమయం, అంటే పైకి వచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగాల్సిన పని లేకుండా కింద ఉండగలిగే సమయం 219 నిమిషాలు. అంటే ఇక్కడ మిమ్మల్ని ఆపేది కంప్యూటర్ కాదు, గాలీ చలీ. కంప్యూటర్ ఇంకా బోలెడు టైమ్ చూపిస్తోంది కదా అని గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూడటం మానేస్తారు. ఈ తప్పు చాలామంది చేస్తారు.

నా పద్ధతి: 200తో మొదలుపెడితే 120 దగ్గర వెనక్కి తిరగడం, 80కల్లా పైకి వెళ్లే తాడు దగ్గర ఉండటం, 50తో బోటు ఎక్కడం. ఇద్దరిలో ఎవరి గాలి ముందు తగ్గితే వాళ్లదే లెక్క.

5. బడ్డీతో మాట్లాడుకోండి

రెండు నిమిషాల పని. ఎటు నుంచి ఎటు తిరుగుతాం, విడిపోతే ఏం చేస్తాం (ఒక్క నిమిషం వెతికి, దొరకకపోతే పైకి), లోపలికి వెళ్లం అన్న మాట. చివరిది నోటితో అనుకోవడం అవసరం, ఎందుకంటే కింద ఒకరు తలుపు సందులోంచి దూరితే రెండోవాళ్లు వెనకాలే వెళ్లిపోతారు.

6. తాడు వెంట దిగండి

కట్టి ఉంచిన మూరింగ్ తాడు ఉంటే దాని వెంటే దిగండి. ఓడ మీదే లంగరు వేసే బోటైతే ఇంకో బోటు చూసుకోండి. ఒక్క లంగరు లాగుడుకి వందేళ్లు నిలిచిన డెక్కు రేకు ఊడిపోతుంది. ఓడకు కాస్త పైనే ఆగి, తేలుడు సరిచేసుకుని, గేజ్ చూసుకుని, అప్పుడు దగ్గరికి వెళ్లండి. చెవులు ప్రతి మీటరుకీ సర్దుకోవాలి, నొప్పి వచ్చాక కాదు.

7. చుట్టూ తిరగడం

ముందు ప్రవాహానికి ఎదురు వెళ్లి, వచ్చేటప్పుడు దాంతో పాటు రండి. ఓడకు ఒకటి, ఒకటిన్నర మీటర్ల దూరం ఉంచండి. కాళ్లు పైకీ కిందకీ కొట్టే తన్ను ఇక్కడ పనికిరాదు, కింద ఉన్న ఒండ్రు లేచి మీకూ వెనకొచ్చేవాళ్లకూ ఏమీ కనపడదు. మోకాళ్లు మడిచి, కప్పలా పక్కలకు తన్నండి.

ఊపు ఉంటే దానితో పోట్లాడొద్దు. మీరు వెళ్లాల్సిన వైపు నీళ్లు తోస్తున్నప్పుడు తన్నండి, వెనక్కి లాగుతున్నప్పుడు ఊరికే ఉండండి. రెండు రేకుల మధ్య సన్నని దారి కనిపిస్తే ఊపున్న రోజు అందులోంచి పోవద్దు, చుట్టూ తిరిగి రండి. ఎక్కడో పట్టుకోక తప్పదు అనిపిస్తే అది డైవ్ ఆపేయాల్సిన సమయం. తుప్పు రేకు మీద చెయ్యి వేసేముందు ఇంకో సంగతి కూడా: రాతిచేప, లయన్‌ఫిష్ లాంటి విషపు ముళ్ల చేపలు సరిగ్గా అలాంటి అంచుల మీదే కూర్చుంటాయి, రాతిచేప అయితే పక్కనే ఉన్నా గుర్తుపట్టలేం.

దిక్సూచిని ఓడ పక్కన నమ్మొద్దు. ఇనుము ముల్లును లాగేస్తుంది. నాలుగైదు మీటర్లు దూరం జరిగి చూసుకోండి, లేదా దిగేముందే దిక్కు రాసి పెట్టుకోండి.

తీగ చిక్కుకుంటే: ఆగండి. వెనక్కి తిరిగి చూడొద్దు, తిరిగితే ఇంకో చుట్టు పడుతుంది. బడ్డీకి టార్చ్‌తో సైగ చేయండి, మెల్లగా వెనక్కి జరిగి చూడండి, రాకపోతే కోసేయండి. ఒకసారి నా సిలిండర్ వాల్వ్‌కి గాలపు తీగ పడింది, తిరిగి చూడాలనే మొదట అనిపించింది. బడ్డీ వచ్చి భుజం పట్టి ఆపకపోతే తిరిగేవాడినే. అది విడిపించడానికి అర నిమిషం పట్టింది, అంతే.

8. ఏం చూస్తున్నారో తెలుసుకుని చూడండి

చాలామంది పైకి వచ్చి "ఇనుము కుప్ప, చేపలు బాగున్నాయి" అంటారు. ఓడను చదవడం తెలియకపోతే అంతే కనిపిస్తుంది.

ఆవిరి ఓడ అయితే ముందు బాయిలర్లు వెతకండి. మందపాటి రేకులతో చేసిన పెద్ద పీపాలు అవి, మిగతాదంతా కూలిపోయినా ఇవి నిలబడి ఉంటాయి, తరచూ శిథిలంలో అన్నిటికన్నా ఎత్తైనవి ఇవే. వాటి దగ్గర్లోనే ఇంజిన్ ఉంటుంది. ఇంజిన్ నుంచి పొడవాటి ఇరుసు ఎటు పోతుందో అటు అమరం, అంటే ఓడ వెనక కొస. దాని వెంట పోతే చుక్కాని, కొన్నిసార్లు ప్రొపెల్లర్ దొరుకుతాయి. ప్రొపెల్లర్ లేకపోయినా ఆశ్చర్యం లేదు, కంచు కాబట్టి చాలా ఓడలకు ఎప్పుడో కోసుకుపోయారు. అవతలి చివర లంగరు, గొలుసు కుప్ప కనిపిస్తే అది అణియం, అంటే ముందు కొస. పక్క రేకుల మీద వరసగా గుండ్రటి మేకు తలలు, అంటే రివెట్లు కనిపిస్తే పాత కాలపు కట్టుబడి. రేకులు వెల్డింగ్‌తో అతికి ఉంటే ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచీ వచ్చినవి.

చెక్క ఓడ అయితే "ఓడ" ఆకారమే ఉండదు. వెచ్చని సముద్రాల్లో చెక్కను తొలిచే టెరెడో అనే జీవి బయట ఉన్న కలపనంతా తినేస్తుంది, ఇసుకలో కూరుకుపోయినది మాత్రం మిగులుతుంది. ఉప్పు తక్కువున్న బాల్టిక్ సముద్రంలో ఆ జీవి బతకదు, అందుకే 1628లో స్టాక్‌హోమ్‌లో మునిగిన వాసా ఓడను 1961లో దాదాపు మొత్తంగా పైకి తీయగలిగారు. మిగతా చోట్ల మీకు కనిపించేది అడుగున బరువు కోసం వేసిన రాళ్ల గుట్ట, దాని మీద చెల్లాచెదురుగా ఫిరంగులు, లంగర్లు. చుట్టుపక్కల లేని రకం గుండ్రాళ్లు ఒకచోట పోగుపడి ఉన్నాయంటే ఆగి చూడండి, దాని కింద ఓడ అడుగు ఉండొచ్చు.

ఫిరంగి మీద రాయిలా పేరుకున్న పెచ్చును గీకి చూడాలని చాలామందికి చెయ్యి దురదపెడుతుంది. ఆ పెచ్చే దాన్ని ఇన్నాళ్లూ కాపాడింది. అది ఊడితే ఆక్సిజన్ తగిలి ఇనుమును తుప్పు మళ్లీ తినేయడం మొదలవుతుంది. పైకి తెచ్చుకున్నా అంతే, లోపల ఇంకిన ఉప్పు ఆరేకొద్దీ ఇనుము పగిలి పొరలు పొరలుగా రాలిపోతుంది. వాసా చెక్క పగలకుండా ఉండటానికి పైకి తీశాక 17 ఏళ్లు రసాయనం చల్లుతూనే ఉన్నారు. ఇంట్లో బకెట్లో పెట్టి కాపాడేది కాదు. చిన్న గాజు ముక్క అయినా, పింగాణీ పెంకు అయినా అక్కడే ఉండనివ్వండి. ఏ వస్తువు ఏ గది దగ్గర పడి ఉందన్నదే ఆ ఓడ కథ చెప్పేది, ఒకటి కదిపితే ఆ వాక్యం పోయినట్టే.

9. లోపలికి వెళ్లొద్దు

తల పైన కప్పు ఉండి, నేరుగా పైకి ఈదలేని చోటు ఏదైనా "లోపల" కిందే లెక్క. అవతలి వెలుగు కనిపిస్తోంది కదా అన్నది సమాధానం కాదు, ఒక్క తన్నుకి ఒండ్రు లేస్తే ఆ వెలుగు ఉండదు. లోపలికి వెళ్లేవాళ్లు దారి తాడు వేసుకుంటూ, గాలిని మూడు వంతులు చేసి ఒక వంతుతో వెళ్లి, ఒక వంతుతో వచ్చి, ఒక వంతు దాచుకుంటూ, అదనపు టార్చ్‌లతో, దానికే ప్రత్యేకంగా శిక్షణ తీసుకుని వెళ్తారు. ఓడకూ మంచిది కాదు: మనం వదిలే బుడగలు కప్పు కింద చేరి గాలి తిత్తులుగా నిలిచి ఇనుమును లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. కిటికీ బయట ఆగి టార్చ్ లోపలికి వేసి చూడండి, చాలా వరకు అలాగే కనిపిస్తుంది.

10. పైకి రావడం

నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, తాడు వెంట, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి రండి. తాడు దూరమైపోతే ఓడ నుంచి పక్కకు జరిగి ఎస్ఎంబీ వదలండి, ఓడ మీద నిలబడి వదిలితే దారం రేకులకు చుట్టుకుంటుంది. శ్వాస మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. నిండు ఊపిరి బిగబట్టి ఒకటిన్నర మీటరు పైకి వచ్చినా ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది, కాబట్టి "ఐదు మీటర్లలోనే ఉన్నాం" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఎక్కువమంది చేసే తప్పులు

పైవన్నీ కాక, నేను మళ్లీ మళ్లీ చూసేవి రెండు. ఒకటి, ఓడ డెక్కు మీదికీ ఇసుక మీదికీ పదే పదే ఎక్కడం దిగడం. చెవులకూ మంచిది కాదు, తేలుడూ ఎప్పుడూ కుదురుకోదు. లోతు భాగం ముందు చూసి, మెల్లగా పైకి వస్తూ తక్కువ లోతు భాగాలు చివర చూడండి.

రెండోది కెమెరా. మొదటి డైవ్‌కి కెమెరా తీసుకెళ్లొద్దు, నిజంగా చెప్తున్నాను. ఫోటో తీస్తున్న మనిషికి తన ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) ఎక్కడున్నాయో తెలియదు, గేజ్ గుర్తుండదు, బడ్డీ గుర్తుండడు. కదలకుండా ఒక నిమిషం ఒకే చోట తేలగలిగాక తీసుకెళ్లండి.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది

బోటు ఎక్కాక వెట్‌సూట్ మోకాళ్లు, మోచేతులు, అరచేతులు చూసుకోండి. తుప్పు మరకలు ఉంటే మీకు తెలియకుండా ఓడకు తగిలారన్నమాట. కంప్యూటర్‌లో లోతు గీత చూడండి. రంపపు పళ్లలా ఉంటే తేలుడు కుదరలేదు, నెమ్మదిగా పైకి ఎక్కే వాలులా ఉంటే బాగుంది. మిగిలిన గాలిని ముందు వేసుకున్న లెక్కతో పోల్చి పుస్తకంలో రాసుకోండి, మూడు నాలుగు డైవ్‌లకు మీ అసలు వాడకం ఎంతో తేలుతుంది. వీలైతే ఎవరినైనా వెనక నుంచి మీ వీడియో తీయమనండి, మీ ఫిన్స్ వెనకాల ఒండ్రు మేఘం లేస్తోందో లేదో అందులో దాచడానికి వీలుండదు.

ఇంకో పరీక్ష: ఒడ్డుకు వచ్చాక చూసిన ఓడ బొమ్మ గీయండి. అణియం, బాయిలర్లు, అమరం ఎక్కడున్నాయో గీయగలిగితే మీరు ఓడను చూశారు. గీయలేకపోతే ఇంకోసారి వెళ్లండి, ఈసారి సగం ఓడే చూస్తాం అనుకుని వెళ్లండి.

విమానం ఎక్కేది ఉంటే ఒక్క డైవే చేసినా కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగండి. ఇసుక జరిగి ఇంతకుముందు ఎవరూ చూడని వస్తువు ఏదైనా బయటపడినట్టు అనిపిస్తే తాకకుండా, ఎంత లోతులో, ఓడ ఏ భాగానికి ఎంత దూరంలో ఉందో పలక మీద రాసుకుని, ఆ దేశపు పురావస్తు శాఖకు చెప్పండి. ఆ చోటు వివరాలు మాత్రం నలుగురికీ కనిపించేలా పెట్టొద్దు, అవి చూసి తవ్వుకుపోవడానికి వచ్చేవాళ్లూ ఉంటారు.